ఆదివారం వాచే మోకాలు

2022. మా అనకాపల్లి జిల్లా అయిన ఏడాది. ఊరు జిల్లా కేంద్రమైతే ఏమేం మారతాయో నాకు తెలీదు గానీ, మా మెట్లెక్కి వచ్చే మోకాళ్ళు మాత్రం ఎక్కువయ్యాయి. నేను ఫిజియోథెరపిస్టుని. బెల్లం మార్కెట్‌కి వెళ్ళే రోడ్డులో, ఒక మందుల షాపు పైన నా క్లినిక్. బెల్లం దిమ్మలు మోసి నడుం పట్టేసిన కలాసీలు, గద్దె మీద కూర్చుని కూర్చుని మెడ బిగుసుకుపోయిన షావుకార్లు, వరి నాట్లకి వంగి లేవలేని ఆడవాళ్ళు, వీళ్ళే నా రోజువారీ జనం. ఫిజియోథెరపీ అంటే ఒళ్ళు పట్టడమే అనుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. వచ్చి హాయిగా పడుకుని కళ్ళు మూసుకుంటారు. లేపి కూర్చోబెట్టి, పని చెయ్యాల్సింది మీరు, నేను చూస్తాను అంటే, మరి మీరెందుకు అన్నట్టు నా మొహం చూస్తారు.

ఆ వర్షాకాలం ఒక సాయంత్రం నూకరత్నం తల వంచుకుని లోపలికొచ్చింది. సిగ్గుపడి అనుకునేరు, మా గుమ్మం ఎత్తు దానికి చాల్లేదు. చంకల కింద కర్రలు, ఎడమ కాలికి తొడ నుంచి పిక్క దాకా పట్టీ. వెనకే భాస్కరరావు గారు. ఆయన డిగ్రీ కాలేజీలో ఫిజికల్ డైరెక్టరు. పిల్లలు పీడీ సార్ అంటారు. మా వీధిలోనే ఉంటారు కాబట్టి నేను అన్నయ్య అంటాను. మెడలో విజిల్ లేకుండా ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు. పెళ్ళిభోజనాలకి కూడా దాంతోనే వస్తారు.

"అమ్మాయ్, ఇది నా సెంటరు. దీన్ని మళ్ళీ నిలబెట్టాలి" అన్నారు. సెంటరంటే బాస్కెట్‌బాల్‌లో బుట్ట దగ్గర నిలబడి ఆడే పొడుగాటి మనిషి.

జరిగింది ఇది. మ్యాచ్‌లో రత్నం బంతి అందుకుంది. ఎడమ పాదం నేలకి ఆన్చి ఒళ్ళు తిప్పింది. ఒళ్ళు తిరిగింది, బూటు తిరగలేదు. మోకాలి లోపల తొడ ఎముకనీ కింది ఎముకనీ పట్టి ఉంచే తాడులాంటిది ఒకటి ఉంటుంది, ఏసీఎల్ అంటాం. అది తెగింది. విశాఖలో ఆపరేషన్ చేశారు. తొడ వెనక నుంచి ఒక తీగ తీసి, తెగిన తాడు స్థానంలో బిగించారు. దాన్ని గ్రాఫ్ట్ అంటారు. ఆపరేషన్ చేసే డాక్టరు పని అక్కడితో అయిపోతుంది. నాలాంటివాళ్ళ పని అక్కడే మొదలవుతుంది.

ఏం కావాలి నీకు అని అడిగాను. కొత్తగా వచ్చిన ప్రతివాళ్ళనీ అడుగుతాను. నొప్పి తగ్గాలి అంటారు ఎక్కువమంది. రత్నం ఆట అడిగింది.

"వచ్చే ఏడు నాకు ఆఖరు సమచ్చరం మేడమ్. డిగ్రీ అయిపోతే మరి ఆట ఉండదు. ఒక్క ఏడైనా యూనివర్సిటీ జట్టులో ఆడాల. ఆ తరవాత ఏటైనా పర్నేదు."

రెండేళ్ళుగా సెలక్షన్‌కి వెళ్ళి, చివరి వడపోతలో వెనక్కి వచ్చిందట. మిగిలింది ఒకే ఒక్క అవకాశం. ఆ మాట అడుక్కుంటున్నట్టు చెప్పలేదు, బస్సు ఎన్నింటికి అని అడిగినంత మామూలుగా చెప్పింది. నాకు అప్పుడే నచ్చేసింది ఆ పిల్ల. నచ్చినవాళ్ళని నేను ఇంకాస్త ఎక్కువ తిడతాను. ఆ సంగతి దానికి తొందరగానే అర్థమైంది.

రత్నం వాళ్ళది దేవరాపల్లి దగ్గర పల్లె. తండ్రి సన్యాసినాయుడు చెరుకు రైతు, సొంత గానుగ పెట్టుకుని బెల్లం వండుతాడు. ఈ పిల్ల వారమంతా అనకాపల్లిలో మేనత్త ఇంట్లో ఉండి చదువుకుంటుంది. శనివారం సాయంత్రం బస్సెక్కి ఇంటికెళ్ళి, సోమవారం పొద్దున్న వస్తుంది. వారంలో మూడు రోజులు నా దగ్గరికి రావాలి. సోమ, బుధ, శుక్రవారాలు.

దానంత బుద్ధిగా వ్యాయామం చేసిన పేషెంటు నాకు తక్కువ. తొడ ముందు కండరాన్ని క్వాడ్స్ అంటాం, ఆపరేషన్ తర్వాత అది వాడిపోయి జారిపోతుంది. దాన్ని మళ్ళీ నిలబెట్టడం విసుగు పుట్టించే పని. మోకాలు కింద తువ్వాలు చుట్టి పెట్టి నొక్కు, వదులు, నొక్కు, వదులు. రత్నం గోడకేసి చూస్తూ చేసుకుపోయేది. పక్క మంచం మీద మెడకి వేడి పెట్టించుకుంటున్న షావుకారు ఒకాయన దాన్ని చూసి సిగ్గుపడి తన వ్యాయామం కూడా చేశాడంటే నేను ఇంకేం చెప్పాలి. దసరా నాటికి కర్రలు వదిలేసింది. తర్వాత మెట్లెక్కింది, సైకిలు తొక్కింది. అన్నీ అనుకున్నట్టే జరుగుతున్నాయి.

డిసెంబరులో మోకాలు వాచింది.

అదీ సోమవారం నాడే. లోపల నీరు చేరింది, ఎఫ్యూజన్ అంటాం. వేలితో ఒక పక్క నొక్కితే రెండో పక్క ఉబుకుతుంది. ఐస్ పెట్టాం, వ్యాయామం తగ్గించాం, శుక్రవారానికి తగ్గింది. తర్వాతి సోమవారం మళ్ళీ వాపు. మళ్ళీ శుక్రవారానికి మామూలు. ఇలా జరుగుతుంటే కీలు తనకి గిట్టని పని ఏదో జరుగుతోందని చెబుతున్నట్టు లెక్క. ఊరికే వాచదు.

"ఆదివారం ఆడుతున్నావా" అని అడిగాను.

"ఆడనేదు మేడమ్."

"పరిగెత్తావా? ఎగిరావా?"

"నేదు మేడమ్. అమ్మవారి మీద ఒట్టు."

మా ఊరి అమ్మవారు నూకాలమ్మ పేరు పెట్టుకున్న పిల్ల నూకాలమ్మ మీద ఒట్టేస్తే నమ్మకుండా ఎలా ఉంటాను. కానీ మోకాలు అబద్ధం చెప్పదు కదా. పిల్ల చెప్పేది నిజం, కాలు చెప్పేది నిజం, మధ్యలో అబద్ధం ఆడుతున్నది ఎవరు అని ఆలోచిస్తే నాకు భాస్కరరావు అన్నయ్యే కనిపించారు. పిల్లని మాటల్లో పెట్టి ఆదివారం కోర్టులో దింపుతున్నారని తీర్మానించేసుకున్నాను. సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళి, వదినగారు ఇచ్చిన టీ తాగుతూనే కడిగేశాను. జట్టు పిచ్చిలో పిల్ల కాలు పాడుచేస్తారా అన్నాను. ఆయనకి ఎక్కడలేని కోపం వచ్చింది. విజిల్ చేతిలోకి తీసుకుని ఊదబోయి ఆగారు. ఆదివారం కోర్టు గేటుకి తాళం వేసి ఉంటుందట, తాళం ఆయన దగ్గరే ఉంటుందట. చివరికి, "నా మాట మీద నమ్మకం లేకపోతే పద, దేవరాపల్లి వెళ్దాం. నీ కళ్ళతోనే చూసుకో" అన్నారు.

అలా ఒక ఆదివారం పొద్దున్న మేమిద్దరం పోట్లాడుకుంటూ బస్సెక్కాం. దిగాక దారి ఎవర్నీ అడగక్కర్లేకపోయింది. చెరుకు రసం మరుగుతున్న వాసన ముక్కు పట్టుకుని తీసుకెళ్ళింది.

గానుగ పాకలో పెద్ద పెనం పొయ్యి మీద నుంచి అప్పుడే దింపారు. పాకాన్ని చెక్కతొట్టిలోకి వంచేశారు. తలకి తువ్వాలు చుట్టుకుని, ఉత్తరపు మట్టిగోడ వైపు మొహం పెట్టి, తొట్టి ముందు నిలబడి తెడ్డుతో కలుపుతోంది రత్నం. పాకం గట్టిపడగానే తెడ్డుతో పెద్ద ముద్ద తీసి, గిర్రున కుడివైపుకి తిరిగి, పక్కన తూర్పుగా వరసపెట్టిన, లోపల తడిగుడ్డ పరిచిన బకెట్లలో వేస్తోంది. అవి ఆరితే దిమ్మలవుతాయి. మళ్ళీ ముద్ద, మళ్ళీ తిరగడం. నేల పాకం పడి జిడ్డుగా ఉంది కాబట్టి జారకుండా ఎడమ పాదం ఒకచోట గట్టిగా ఆన్చింది. ఆ పాదం అసలు కదలడం లేదు. ఒళ్ళంతా ఆ మోకాలి మీదే తిరుగుతోంది.

బంతి చేతిలో ఉన్నప్పుడు ఒక పాదం కదపకుండా చుట్టూ తిరగడాన్ని బాస్కెట్‌బాల్‌లో పివట్ అంటారు. రత్నం పివట్ గురించి అన్నయ్య నాకు ఎన్నిసార్లు చెప్పారో. ఎడమ కాలి మీద బొంగరంలా తిరుగుతుంది, అది నేను నేర్పిందే అనేవారు. ఇప్పుడు ఆయన నా పక్కన నోరు తెరుచుకుని నిలబడ్డారు. "ఇది నా పివట్టే" అన్నారు చిన్నగా. ఇది మీరు నేర్పింది కాదు, పెనం నేర్పింది అన్నాను. పోట్లాట నేనే గెలిచినట్టు కాసేపు సంతోషించాను కూడా, నిజానికి ఓడిపోయింది నేనే అయినా.

రత్నం మమ్మల్ని చూసింది. మొహం తెల్లబోయింది గానీ చెయ్యి ఆగలేదు. "పాకం ఆగదు మేడమ్" అంది. తిట్టడానికి అంత దూరం వచ్చిన నేను తొట్టి ఖాళీ అయ్యేదాకా నోరు మూసుకుని నిలబడాల్సి వచ్చింది. ఈలోగా వాళ్ళమ్మ రమణమ్మ గ్లాసుతో చెరుకు రసం తెచ్చి నా చేతిలో పెట్టింది. రసం తాగుతూ కోపంగా ఉండటం కష్టం.

ఆఖరి బకెట్టు నిండాక అడిగాను, ఇదేమిటే అని.

"మీరు ఆడొద్దన్నారు, పరిగెత్తొద్దన్నారు, ఎగరొద్దన్నారు. అయ్యేటీ సెయ్యనేదు మేడమ్. ఇది ఆట కాదు కదా, ఇంట్లో పని."

అక్షరాలా నిజమే. మా వైపు పల్లెల్లో ఆట అంటే ఒళ్ళు అలిసే వ్యవహారం, పని అంటే బతకడం. పనిని ఎవరూ వ్యాయామం లెక్కలో వెయ్యరు. రెస్టు తీసుకో అంటే సరేనంటారు, గొడ్డుకి మేత వేసొచ్చి మళ్ళీ రెస్టు తీసుకుంటారు. ఇందులో దాచింది లేదు, దొంగతనం లేదు.

సన్యాసినాయుడికి మాత్రం మోకాలు వాస్తున్న సంగతి అప్పుడే తెలిసింది. కాలు ఆడించమని డాక్టరమ్మ చెప్పింది అని కూతురు చెబితే నమ్మాడట. ఆయన కుడి భుజం పైకి లేవదు, అందుకే ముద్ద తీసే పని కొన్నేళ్ళ కిందటే కూతురు అందుకుంది. కూలీలు దొరకడం లేదు. నరికిన చెరుకు నిలవ ఉంటే రసం పులుస్తుంది, బెల్లం నల్లబడుతుంది. అందుకే డిసెంబరులో గానుగ మొదలైన దగ్గర్నుంచీ, రత్నం ఇంట్లో ఉండే ఆదివారమే పెనం ఎక్కిస్తున్నారు.

వాపు ఎందుకొస్తోందో ఆయనకి అర్థమయ్యేలా చెప్పాలి. ఏసీఎల్, గ్రాఫ్ట్ అంటే తలూపుతాడు, అంతే. అప్పుడే నింపిన బకెట్లు కనిపించాయి.

"నాయుడుగారూ, ఈ దిమ్మ ఇప్పుడు పైకి గట్టిపడింది కదా. ఇప్పుడే తీసి లారీలో వెయ్యొచ్చా?"

"ఎలా ఏత్తామమ్మా. లోన పచ్చిగుంటాది. ఇరిగిపోద్ది."

"మీ అమ్మాయి మోకాల్లో వేసింది కూడా ఇంకా లోపల పచ్చిగానే ఉంది. పైకి నడుస్తోంది, అంతే. ఇలా తిప్పితే అదీ విరుగుతుంది. రెండోసారి విరిగితే ఇక ఆట లేదు."

ఆయన వెళ్ళి కూతురి చేతిలోంచి తెడ్డు తీసుకున్నాడు. లేవని భుజంతోనే దాన్ని గోడకి ఆనించాడు. తర్వాత నా దగ్గరికి వచ్చి, మా గుంటకి ఆట పోకూడదమ్మా అన్నాడు. గుంటంటే మా వైపు ఆడపిల్ల. ఆ గొంతు విన్నాక నాకు ఇంకెవర్నీ తిట్టాలనిపించలేదు.

అన్నయ్యకి అప్పటికప్పుడు ఒక ఉపాయం తట్టింది. ఆ బకెట్లు అటు మార్చి పడమటి వైపు పెడితే సరి, అప్పుడు కుడికాలి మీద తిరుగుతుంది కదా అన్నారు. నాయుడు ఆయన్ని తేరిపారా చూశాడు. బకెట్లు తూర్పునే ఉంటాయి, కదపడం కుదరదన్నాడు. ప్రతి పెనంలోనూ మొదటి దిమ్మ నూకాలమ్మది. అది తూర్పున దిగాలి. వాళ్ళ నాన్న నాటి నుంచీ అంతే. కూతురి కాలు కంటే దిక్కు ఎక్కువా అని నాకు మళ్ళీ కోపం వచ్చింది. అది నా మొహంలో కనబడే ఉంటుంది. సంక్రాంతి తర్వాత చూద్దాం, అప్పటిదాకా పిల్ల తొట్టి దగ్గరికే రాకూడదని గట్టిగా చెప్పి బస్సెక్కాను.

మాట మీద నిలబడ్డారు. ముద్ద తీసే పనికి రమణమ్మ దిగింది, నాయుడు ఎడమ చేత్తో సాయం పట్టాడు. దిమ్మలు వంకరగా వచ్చాయట, మార్కెట్లో షావుకారు ఎగతాళి చేశాడట. రత్నాన్ని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టారు. "అందరూ పని సేత్తంటే నాను జమీందార్నాగ కూకున్నాను మేడమ్" అని సోమవారం నా దగ్గర ఏడ్చింది. ఏడుస్తున్నా నాకు నవ్వొచ్చింది, ఎందుకంటే ఆ సోమవారం మోకాలు వాచలేదు. ఎండిన ఏటిలా చక్కగా ఉంది. కావలించుకుని, ఇంకో రెండు వారాలు జమీందారుగానే ఉండమన్నాను.

ఫిబ్రవరిలో ఒకసారి నాయుడు కూడా కూతురితో వచ్చాడు. పిల్ల గ్రాఫ్ట్ నిలబడుతోంది, ఇప్పుడు తిరగడం మెల్లగా మొదలుపెట్టొచ్చు, ముందు కుడికాలి మీద, ఎడమకాలి మీద వేసవి వచ్చాక అని చెప్పాను. తొందరపడితే ఊరుకోనని కూడా చెప్పాను. ఆయన మూల కుర్చీలో కూర్చుని విన్నాడు. వెళ్ళేటప్పుడు ఒకటే అడిగాడు, "కుడికాలికి బెంగనేదు కదమ్మా" అని. లేదన్నాను.

తర్వాతి ఆదివారం రమ్మని కబురు పెట్టాడు. అన్నయ్యా నేనూ వెళ్ళేసరికి గానుగ పాక వేరేగా కనిపించింది. ఏం మారిందో వెంటనే అర్థం కాలేదు. బకెట్లు తూర్పునే ఉన్నాయి. తొట్టి అక్కడే ఉంది. కానీ తొట్టికి అవతల, ఉత్తరపు పక్కన ఉండే మట్టిగోడ లేదు. పడగొట్టేశాడు. ఆ గోడ చలికాలపు గాలి పాకానికి తగలకుండా వాళ్ళ నాన్న కట్టింది. గాలి తగిలితే పాకం తొందరగా బిగుసుకుంటుంది, మనిషి రెండింతలు పరుగెత్తాలి. దాని బదులు కాస్త దూరంగా గోనెపట్టలు కుట్టి వేలాడదీశాడు.

రత్నం గోడ ఉన్న చోట, ఇటు దక్షిణం వైపు మొహం పెట్టి నిలబడింది. ఇప్పుడు తూర్పు దానికి ఎడమ చేతి పక్కకొచ్చింది. ముద్ద తీసింది, కుడి పాదం ఆన్చింది, ఎడమవైపుకి తిరిగింది. మొదటి దిమ్మ నూకాలమ్మ దిక్కునే దిగింది.

నేను నాయుడి వైపు చూశాను. "అమ్మోరు కదల్నేదు. మా గుంటే అటు ఎల్లింది" అన్నాడు. కళ్ళు తుడుచుకోడానికి పొగ మీద నెపం పెట్టాను. అన్నయ్య కూడా పొగే అన్నారు.

తిరుగుడు మొదట వంకరగా ఉంది. దానికి కుడికాలు కొత్త. రెండు మూడు ముద్దలు నేల పాలయ్యాయి. గానుగ ఆడినన్నాళ్ళూ ప్రతి ఆదివారం అటువైపే నిలబడింది, నేను చెప్పినంతసేపే, అలసట వస్తే కుర్చీ. నా దగ్గర వారమంతా ఎగిరి దిగడం, ఒంటికాలి మీద ఆగడం. వేసవిలో ఎడమకాలి మీద కూడా తిప్పించాను. భయం పోవడానికే ఎక్కువ కాలం పట్టింది. ఆ కాలు ఆన్చేముందు ప్రతిసారీ కిందికి చూసేది. చూడకే, అది ఎక్కడికీ పోదు అని అరిచేదాన్ని. కాలేజీ తెరిచాక ఒకరోజు చూడకుండా తిరిగింది. ఆ పూట టీ బయటి నుంచి తెప్పించాను.

ఆ ఏడే విశాఖలో సెలక్షన్. నేనూ వెళ్ళాను, నాయుడూ వచ్చాడు. ఉతికిన పంచె కట్టుకుని, అంత పెద్ద కోర్టు ఎప్పుడూ చూడలేదన్నట్టు బెంచీ చివర కూర్చున్నాడు. రత్నాన్ని అడ్డుకోడానికి విశాఖ కాలేజీ పిల్లని పెట్టారు. అంతకుముందు రెండుసార్లూ ఈ పిల్లని వెనక్కి పంపించింది ఆ అమ్మాయేనట. రత్నం ఎటు తిరుగుతుందో ఆమెకి కళ్ళు మూసుకున్నా తెలుసు. బంతి అందగానే కుడిపక్కకి జరిగి దారికి అడ్డం నిలబడేది. రత్నం రెండుసార్లు బంతి అందుకుని, తిరగకుండా వేరేవాళ్ళకి ఇచ్చేసింది. అన్నయ్య విజిల్ కొరుకుతున్నారు. కాలు మీద నమ్మకం లేదేమో, నేను తొందరపడి పంపానేమో అని ఆ ఎడమ మోకాలినే చూస్తూ కూర్చున్నాను.

మూడోసారి బంతి వచ్చింది. బుట్టకి వీపు పెట్టి అందుకుంది. ఆ అమ్మాయి అలవాటుగా కుడిపక్కకి వెళ్ళింది. రత్నం కుడి పాదం ఆన్చి ఎడమవైపుకి తిరిగింది. అటు ఎవరూ లేరు. బంతి చేత్తో పెట్టినట్టు బుట్టలో పడింది. ఆ తర్వాత ఆ అమ్మాయికి ఎటు నిలబడాలో తెలీలేదు. ఒకసారి కుడి, ఒకసారి ఎడమ. ఎడమకాలి మీద కూడా తిరిగింది, కిందికి చూడలేదు.

అన్నయ్య నా వైపు తిరిగి, రెండు కాళ్ళ మీదా పివట్, నా సర్వీసులో ఇదే చూడటం అన్నారు. ఈసారి నేనే నేర్పానని అనలేదు. నాయుడు మా ఇద్దర్నీ పట్టించుకోలేదు. కోర్టు వైపే చూస్తూ, తనలో తాను అనుకున్నట్టు, "తొట్టి కాడ తిరిగినట్టే తిరిగింది. ఒక్క ముద్ద కింద పడనేదు" అన్నాడు.

రత్నం యూనివర్సిటీకి ఆడింది ఆ ఒక్క ఏడాదే. సగం మ్యాచ్‌లలో బెంచీ మీదే కూర్చుందట, మిగతా సగంలో ఆడిందట. అదే దాని క్రీడాజీవితం మొత్తం. చాలదా అని అడిగితే, సాలు మేడమ్, సాలా బాగుంది అంది. ఇప్పుడు వ్యాయామ ఉపాధ్యాయురాలి చదువు చదువుతోంది. మొన్న గొలుగొండ దగ్గర బడిలో శిక్షణకి వెళ్ళి, పిల్లలకి రెండు కాళ్ళ మీదా తిరగడం నేర్పుతున్నానని ఫోన్ చేసింది.

ఆ కేసు తర్వాత నేను పేషెంట్లని రెస్టు తీసుకున్నావా అని అడగడం మానేశాను. నిన్న పొద్దున్న లేచిన దగ్గర్నుంచి ఏమేం చేశావో చెప్పు అంటాను. మొదట ఏమీ చెయ్యలేదంటారు. ఓపిగ్గా కూర్చుంటే నీళ్ళు, పిల్లలు, గొడ్లు, పెనం అన్నీ బయటికొస్తాయి. ఏం మానాలో చెప్పడం తేలికే. మానలేనిదాన్ని ఎటువైపు నిలబడి చెయ్యాలో వెతకడమే నా అసలు పని అని సన్యాసినాయుడి దగ్గర నేర్చుకున్నాను.

ఈ ఏడూ గానుగ మొదలయ్యాక వెళ్ళాను. ఉత్తరపు గోడ మళ్ళీ కట్టలేదు. రత్నం కాలు ఎప్పుడో బాగయింది కదా, గాలి తగలకుండా కట్టుకోవచ్చు కదా అన్నాను. నాయుడు తొట్టి చుట్టూ ఒకసారి చూసుకున్నాడు.

"ఉండనీమ్మా. మా గుంటొచ్చినప్పుడు ఏ పక్క నిలబడతాదో మనకేటి తెల్సు."